రూపాయికి ఒక అణా – వరాహగిరి వెంకటగిరి జీవితం

ఈ పాఠం చదివిన తరవాత మీరు

• వి. వి. గిరి జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులతో ఆయనకు గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• చిన్న అప్పు, చిన్న పొదుపు ఏడాదికి ఎంతవుతాయో లెక్క కట్టగలుగుతారు.
• మీ ఇంటి ఖర్చును పరిశీలించి, ఒక మంచి అలవాటును ప్రారంభించగలుగుతారు.

1. ప్రవేశిక

మీరు ఎప్పుడైనా ఖరగ్‌పూర్ వెళ్లారా? పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో రైలు దిగి ఖరిదా బజారువైపు నడిస్తే బెంగాలీ, హిందీ మాటల నడుమ తెలుగు మాటలు కూడా వినిపిస్తాయి. ఆశ్చర్యపడకండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టిన నాటినుండి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు పనికోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆ తొలి కుటుంబాల మనుమలు, మునిమనుమలు నేటికీ ఖరిదాలోను, చుట్టుపక్కల పేటల్లోను ఉన్నారు.

రైల్వే ఊరిలో నెలకు ఒక ముఖ్యమైన రోజు ఉంటుంది. అది జీతం రోజు. ఇప్పుడు జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది. వెనుకటి కాలంలో కార్మికుడు దానిని చేత్తో లెక్కపెట్టి తీసుకొనేవాడు. ఆ డబ్బు ఇంటికి చేరేలోగా ఎన్ని చేతులు మారేదో ఆలోచించండి. దుకాణం బాకీ, వడ్డీ వ్యాపారి బాకీ, సారా కొట్టు బాకీ తీరిన తరవాత మిగిలిందే ఇల్లాలి చేతికి వచ్చేది.

ఇటువంటి కార్మికుల మధ్య పనిచేసి, వారి బాగోగులను తన జీవిత కార్యంగా చేసుకొన్న తెలుగువాడు వి. వి. గిరి. ఆయన భారత రాష్ట్రపతి అయ్యారని మీకు తెలిసే ఉంటుంది. రాష్ట్రపతి కావడానికి చాలా ముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. ఆ కథ తెలుసుకొందాం. దానితోపాటు రూపాయిలో పదహారో వంతయిన అణా కథ కూడా తెలుసుకొందాం.

2. బాల్యం, చదువు

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ.

తండ్రి బాటలోనే న్యాయశాస్త్రం చదవాలని గిరి 1913లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరానికి వెళ్లారు. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో ఒక పెద్ద పోరాటం జరిగింది. కార్మిక సంఘంలో చేరినవారిని యజమానులు పనిలోకి రానివ్వలేదు. యజమాని కార్ఖానా తలుపులు మూసి కార్మికులను బయట నిలబెట్టడాన్ని లాకౌటు అంటారు. ఆ లాకౌటు 1914 ఆరంభం దాకా సాగింది. వేలాది కుటుంబాలు పస్తులున్నాయి. ఇంగ్లండులోని కార్మిక సంఘాలు ఓడలలో ఆహారం పంపాయి. అయినా చేతిలో పైస లేని కుటుంబాలు ఎంతకాలం నిలబడగలవు? చివరికి చాలామంది ఓడిపోయి పనిలోకి వెళ్లారు.

ఐర్లండు గిరికి రెండు విషయాలు నేర్పింది. ఒకటి దేశ స్వాతంత్ర్యం. రెండోది కార్మికుల ఐక్యత. ఐరిష్ ఉద్యమకారులతో పరిచయాల కారణంగా ప్రభుత్వం ఆయనను అనుమానించింది. 1916లో దేశం విడిచి వెళ్లాలని ఉత్తరువు ఇచ్చింది. గిరి స్వదేశానికి తిరిగివచ్చి బరంపురంలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు.

3. రాబడి వదలిన న్యాయవాది

1920లో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపునిచ్చారు. గిరి తన వృత్తిని వదిలి ఉద్యమంలో చేరారు. మంచి రాబడి రాగల వృత్తి అది. ఆయన సంసారి. ముందుముందు గిరి, సరస్వతీబాయి దంపతులకు పద్నాలుగురు సంతానం కలిగారు. రాబడి వచ్చే దారిని మూసుకోవడం ఆ ఇంటికి చిన్న విషయం కాదని మీరు ఊహించగలరు.

ఆ ఉద్యమంలో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిగాయి. వాటిలో పాల్గొన్నందుకు 1922లో గిరిని అరెస్టు చేశారు. ఈ విషయం గుర్తుంచుకోండి. కార్మికుని జేబులోని డబ్బు ఎక్కడికి పోతోందనే ప్రశ్న ఆ దుకాణాల ముందే మొదలయింది. తాగుడు మీద పెట్టిన డబ్బు రెండుసార్లు నష్టం కలిగిస్తుంది. ఆ రోజు డబ్బు పోతుంది. మరునాటి పని, దాని కూలి కూడా పోతాయి.

4. ఖరగ్‌పూర్ కార్మికులతో

1920లలో గిరి రైల్వే కార్మికుల వైపు తిరిగారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపించారు. ఆ రైల్వేలో పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండడం వల్ల ఆ ఊరు ఆయన పనికి కేంద్రాలలో ఒకటయింది. అక్కడి కార్మికులలో చాలామంది ఆయన సొంత జిల్లావారు, ఆయన భాష మాట్లాడేవారు.

1927లో ఖరగ్‌పూర్ రెండు సంక్షోభాలు చూసింది. ఏడాది మొదట్లో సమ్మె జరిగింది. ఆ తరవాత కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి వర్క్‌షాపు కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించాలని నిర్ణయించింది. కార్మికులు ఎదురు తిరిగారు. సెప్టెంబరులో వర్క్‌షాపు మూతపడింది. డిసెంబరు దాకా తెరుచుకోలేదు. డబ్లిన్‌లో గిరి చూసిన లాకౌటు మళ్లీ ఎదురయింది. ఈసారి బయట నిలబడినవారు ఆయన మనుషులే.

పోరాటం హింస లేకుండా సాగాలని గిరి పట్టుదల. చివరికి కంపెనీ కొంత దిగిరావలసి వచ్చింది. ఈ పోరాటాలతో గిరి పేరు దేశమంతటా తెలిసింది.

ఇప్పటిదాకా నాయకుని వైపునుండి చూశాం. ఇప్పుడు కార్మికుని ఇంటివైపునుండి చూడండి. సెప్టెంబరునుండి డిసెంబరు దాకా జీతం లేదు. ఇంటి అద్దె ఆగదు. బియ్యం కొనకుండా జరగదు. దసరా, దీపావళి ఆ నెలల్లోనే వస్తాయి. ముందుగా నాలుగు రూపాయలు దాచుకొన్న ఇల్లు కొన్నాళ్లు తల ఎత్తుకొని నిలబడగలదు. అప్పులో ఉన్న ఇల్లు మొదటి వారంలోనే మరో అప్పుకు చెయ్యి చాచాలి. న్యాయం కోసం నిలబడాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి ఇంట్లో కొంత ధాన్యం, డబ్బాలో కొంత డబ్బు తోడు కావాలి.

పాఠంలోని ప్రశ్నలు – 1

అ) లాకౌటు అంటే ఏమిటి?
ఆ) గిరి చదువుకొన్న విదేశీ నగరం ఏది?
ఇ) 1922లో గిరిని ఎందుకు అరెస్టు చేశారు?

5. రూపాయికి అణా వడ్డీ

ఆ రోజుల్లో కార్మికుల అప్పులు ఎలా ఉండేవి? దీనికి మనకు ఒక మంచి ఆధారం ఉంది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోని కార్మికుల స్థితిగతులను పరిశీలించడానికి విట్లే అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్‌ను నియమించింది. 1931లో వెలువడిన ఆ కమిషన్ నివేదిక మూడు ముఖ్యమైన విషయాలు చెప్పింది.

మొదటిది: చాలా పారిశ్రామిక కేంద్రాలలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కార్మిక కుటుంబాలు అప్పులో ఉన్నాయి. రెండోది: వారిలో ఎక్కువమంది అప్పు మూడు నెలల జీతం కంటె ఎక్కువ. మూడోది: నెలకు రూపాయికి ఒక అణా వడ్డీ మామూలుగా ఉండేది.

రూపాయికి అణా అంటే చిన్నదిగా కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. రూపాయికి 16 అణాలు. పది రూపాయల అప్పుకు నెలకు 10 అణాల వడ్డీ. పన్నెండు నెలలకు 120 అణాలు, అంటే 7 రూపాయల 8 అణాలు. పది రూపాయలు తీసుకొన్నవాడు ఏడాదిలో ఏడున్నర రూపాయలు వడ్డీగానే కట్టాడు. నూటికి 75 వడ్డీ అన్నమాట. అసలు పది రూపాయలు అలాగే ఉన్నాయి!

ఈ అప్పులు ఎందుకు చేశారు? పెళ్లిళ్లు, పండుగల ఖర్చు ముఖ్య కారణమని కమిషన్ గమనించింది. జీతాలు ఆలస్యంగా అందడం కూడా ఒక కారణం. జీతం వచ్చేదాకా తినాలి కాబట్టి దుకాణంలో అప్పు పెట్టాలి. అప్పు మీద సరుకు తెచ్చేవాడు ధర అడగలేడు, తూకం చూడలేడు. తప్పు అంతా కార్మికునిదే అనడం న్యాయం కాదు. తప్పు అంతా యజమానిదే అని చేతులు దులుపుకొంటే ఇల్లు గట్టెక్కదు. తగిన జీతం ఉండాలి. అది వేళకు రావాలి. వచ్చిన జీతం ఇంట్లో నిలవాలి. మొదటి రెండూ సంఘం, చట్టం చేయవలసినవి. మూడోది ఇల్లు చేయవలసినది.

చట్టం కొంత ముందుకు వచ్చింది. 1936లో వేతనాల చెల్లింపు చట్టం చేశారు. వెయ్యిమంది కంటె తక్కువ మంది పనిచేసే చోట నెల గడిచిన ఏడు రోజులలోగా, అంతకంటె పెద్ద చోట పది రోజులలోగా జీతం ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. జుల్మానాలు రూపాయికి అర్ధణా మించరాదని కూడా హద్దు పెట్టింది. రైల్వేలకు కూడా ఈ చట్టం వర్తించింది.

6. మంత్రిగా గిరి – రూపాయికి అణా పొదుపు

1937 ఎన్నికలలో గిరి బొబ్బిలి నియోజకవర్గంలో నిలబడి బొబ్బిలి రాజాను ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. ఆ మంత్రివర్గం 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1938లో రైతుల రుణభారం తగ్గించే చట్టం చేసింది. పేదవాని ఇంటిని తినేసే రెండు పురుగులు తాగుడు, వడ్డీ. ఆ రెండింటిమీదా ఆ ప్రభుత్వం చెయ్యి వేసిందని మీరు గమనించాలి.

స్వాతంత్ర్యం వచ్చాక గిరి సింహళంలో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆ ఏడాదే ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పథకం నవంబరు 1వ తేదీనుండి అమలులోకి వచ్చింది. అప్పుడు కార్మిక మంత్రి గిరియే. రైల్వే ఉద్యోగులకు వేరుగా తమ సొంత నిధి అంతకుముందే ఉండేది. ఈ కొత్త పథకం సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము–ఉక్కు, కాగితం, బట్టల పరిశ్రమల కార్మికులకు మొదట వర్తించింది.

ఈ పథకంలో కార్మికుని జీతం నుండి పట్టుకొన్నది ఎంతో తెలుసా? నూటికి ఆరుంబావు. అంటే సరిగ్గా రూపాయికి ఒక అణా! యజమాని కూడా అంతే వాటా వేయాలి. 80 రూపాయల జీతగాడి సంగతి చూద్దాం. నెలకు అతని వాటా 5 రూపాయలు, యజమాని వాటా 5 రూపాయలు. ఏడాదికి 120 రూపాయలు. వడ్డీ కలపకుండానే ఇరవై ఏళ్లకు 2,400 రూపాయలు. తరవాతి కాలంలో ఈ వాటాలు పెరిగాయి.

ఇప్పుడు రెండు అణాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అణా ప్రతి నెలా వడ్డీ వ్యాపారి సంచిలోకి వెళ్లింది. మరొక అణా కార్మికుని పేరున నిధిలోకి వెళ్లింది. నాణెం ఒకటే. వెళ్లిన దారి వేరు.

పొదుపు అలవాటులో ఒక చిన్న రహస్యం కూడా ఇక్కడ ఉంది. నిధికి పోయే డబ్బును జీతం చేతికి రాకముందే పక్కకు తీస్తారు. ఖర్చు పెట్టగా మిగిలినది దాచుకొందామనుకొంటే ఏ నెలా మిగలదు. దాచగా మిగిలినది ఖర్చు పెడితే పొదుపు దానంతట అదే సాగుతుంది.

పాఠంలోని ప్రశ్నలు – 2

అ) నెలకు రూపాయికి అణా వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఎంత?
ఆ) ప్రావిడెంట్ ఫండ్ పథకం ప్రారంభంలో కార్మికుని వాటా ఎంత?
ఇ) 1937 ఎన్నికలలో గిరి ఎవరిని ఓడించారు?

7. పదవి కంటె మాట ముఖ్యం

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల గురించి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. కార్మిక మంత్రిగా ఉన్న గిరి దీనికి ఒప్పుకోలేదు. పదవికి రాజీనామా చేశారు. న్యాయవాద వృత్తిని వదిలినప్పుడు ఆయన వయసు ఇరవై ఆరేళ్లు. ఇప్పుడు అరవై. రెండుసార్లూ ఆయన రాబడి కంటె నమ్మకాన్ని ఎక్కువగా చూసుకొన్నారు.

తరవాత ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. 1974 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1975లో భారతరత్న పొందారు. పరిశ్రమలలోని కార్మిక సమస్యల గురించి, ఉపాధి గురించి పుస్తకాలు రాశారు. ఇంటింటా చిన్న పరిశ్రమ ఉండాలని, ఖాళీగా ఉన్న చేతులకు పని దొరకాలని ఆయన కోరారు. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో కన్నుమూశారు. ఢిల్లీ దగ్గర నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

8. మీ ఇంట్లో ఈ అణా

మీరు రైల్వే ఉద్యోగి కాకపోవచ్చు. కూలిపని, దుకాణం, కుట్టుపని, వ్యవసాయం – ఏదైనా చేస్తూ చదువుకొంటూ ఉండవచ్చు. అణాలు పోయి చాలా కాలమయింది. అయినా పదహారో వంతు లెక్క నేటికీ పనిచేస్తుంది.

ఒక ఇంటి రాబడి నెలకు 8,000 రూపాయలు అనుకొందాం. అందులో పదహారో వంతు 500 రూపాయలు. ప్రతి నెలా దీనిని ముందే తీసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేస్తే ఏడాదికి 6,000 రూపాయలు.

అదే ఇంటివారు 10,000 రూపాయలు అప్పు చేశారనుకొందాం. వడ్డీ నెలకు నూటికి ఐదు రూపాయలు. నెలకు 500 రూపాయలు వడ్డీ, ఏడాదికి 6,000 రూపాయలు. చూశారా! దాచడానికి చాలదనుకొన్న 500 రూపాయలను ఆ ఇల్లే ప్రతి నెలా వడ్డీగా కట్టగలిగింది. మనకు దాచే శక్తి ఉందని మన అప్పులే చెబుతున్నాయి.

ఆ 500 రూపాయలు ఎక్కడినుండి తేవాలి? రోజువారీ చిల్లర ఖర్చు చూడండి. బీడీ, గుట్కా, రెండో టీ కలిసి రోజుకు 20 రూపాయలైతే నెలకు 600 రూపాయలు. అన్నీ ఒకే రోజున మానలేకపోతే ఒకటి మానండి. ఆ డబ్బును వేరే జేబులో పెట్టండి. మానిన ఖర్చు పేరున డబ్బు కనబడుతూ ఉంటే అలవాటు నిలుస్తుంది.

ఈ అలవాట్లు కూడా మేలు చేస్తాయి:

• రోజూ పడుకోబోయే ముందు ఆనాటి ఖర్చును నోటుపుస్తకంలో రాయండి. అయిదు నిమిషాల పని.
• ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చండి. అది తీరకుండా కొత్త వస్తువు వాయిదాల మీద కొనకండి.
• సరుకులు నగదుకు కొనండి. ధర, తూకం అడిగే హక్కు అప్పుడే మీకు ఉంటుంది.
• పెళ్లి, పండుగ ఖర్చు ముందే తెలిసినదే. దానికి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం దాచండి.
• ఇంటి లెక్కను భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడండి. పిల్లలను కూడా వినమనండి.

తిండి, మందులు, పిల్లల చదువు తగ్గించి దాచడం పొదుపు కాదు. అది ఇంటి బలాన్ని అమ్ముకోవడం. రాబడి కడుపుకే చాలకపోతే అది మీ అలవాట్ల లోపం కాదు. అప్పుడు కావలసింది తగిన కూలి. దానికోసం పదిమంది కలవాలి. గిరి జీవితమంతా చేసిన పని అదే.

సారాంశం

వి. వి. గిరి బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో చదివి, వృత్తిని వదిలి, స్వాతంత్ర్యోద్యమంలోను, కార్మికోద్యమంలోను పనిచేశారు. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటాలకు తోడుగా నిలిచారు. ఆనాటి కార్మికులు నెలకు రూపాయికి అణా వడ్డీ కట్టి మునిగిపోయేవారు. 1952లో ఆయన కేంద్ర మంత్రిగా ఉండగా కార్మికుని పేరున రూపాయికి అణా దాచే పథకం అమలులోకి వచ్చింది. మంచి జీతం, మంచి చట్టం, మంచి అలవాటు – మూడూ కలిసినప్పుడే ఇల్లు నిలబడుతుంది.

కొత్త మాటలు

అణా – రూపాయిలో పదహారో వంతు
జుల్మానా – తప్పుకు వేసే డబ్బు శిక్ష
లాకౌటు – యజమాని పనిచోటును మూసివేయడం
ఉత్తరువు – ప్రభుత్వ ఆజ్ఞ

చేసి చూడండి

రేపటినుండి ఏడు రోజులు మీ ఇంటి ఖర్చును పైసలతో సహా రాయండి. ఎనిమిదో రోజున ఇంటివారితో కూర్చుని, తప్పనివి, తగ్గించగలవి అని రెండు వరుసలుగా విడదీయండి. రెండో వరుస మొత్తం, మీ వారపు రాబడిలో పదహారో వంతు – ఈ రెండింటినీ పోల్చండి. మీ పరిశీలనను పది వాక్యాలలో రాసి మీ అధ్యయన కేంద్రంలో చూపించండి.

జవాబులు

ప్రశ్నలు – 1: అ) యజమాని పనిచోటును మూసి కార్మికులను బయట నిలబెట్టడం. ఆ) డబ్లిన్. ఇ) మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ప్రదర్శనలో పాల్గొన్నందుకు.
ప్రశ్నలు – 2: అ) నూటికి 75. ఆ) నూటికి ఆరుంబావు, అంటే రూపాయికి ఒక అణా. ఇ) బొబ్బిలి రాజాను.